తుని దగ్గర పడిన లోడు

గుంటూరు. కోల్డ్ స్టోరేజీ అరుగు మీద సాయంత్రం ఆరు. లోపలి గదుల్లోంచి తీసిన మిర్చి టిక్కీలు మధ్యాహ్నం నుంచీ ఇక్కడే వరసలు కట్టి ఉన్నాయి. చల్లటి గదిలోంచి ఒక్కసారిగా బయటి ఉక్కలోకి వస్తే గోనెకి చెమట పడుతుంది. అది ఆరకుండా లారీకెక్కిస్తే కాయ లోపల్లోపలే మెత్తబడుతుంది. అందుకే షావుకారు ఒక్కో టిక్కీ మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. తడి తగిలినదాన్ని పక్కన పెట్టిస్తున్నాడు.

"ఇంకో గంట ఆగండయ్యా, కొంపలేం మునిగిపోవు."

"వాన పడితే మునుగుద్ది బాబుగారూ," అంటాడు ముఠా మేస్త్రి, ఆకాశం వైపు గడ్డం ఎత్తి. ఆశ్వయుజం పోతూ పోతూ ఒక వాన వేసిపోయేలాగే ఉంది.

గాలి నిండా ఘాటు. అలవాటు లేనివాళ్లం రెండు నిమిషాలు నిలబడేసరికి ముక్కు కారుతుంది, కళ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. ముఠావాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని, కొక్కెం తగిలించి, టిక్కీని వీపు మీదికి లాక్కుంటున్నారు. తేజ రకం కాయ, టిక్కీకి సుమారు 40 కిలోలు. ఎండుమిర్చితో వచ్చిన చిక్కు ఏమిటంటే బరువు తక్కువ, బారు ఎక్కువ. లారీ బరువుకి నిండేలోపే ఎత్తుకి నిండిపోతుంది. పది టైర్ల లారీలో 400 టిక్కీలు ఎక్కేసరికి లోడు క్యాబిన్‌ని దాటి పైకి లేచింది.

ఈ 400 ఒక్కరివి కావు. నీలం సిరా మార్కా ఉన్న 300 షావుకారువి. నల్ల సిరా మార్కా ఉన్న వంద, పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వ్యాపారివి. ఫుల్ లోడు కట్టే శక్తి లేక వాటా లోడు కలిపాడు. సరుకంతా వెళ్లేది కోల్‌కతా, పోస్తా బజారుకి.

షావుకారు గుమాస్తా ఫోనులో ఏదో నొక్కుతూ పిడుగురాళ్లాయన్ని అడుగుతాడు: "మీ వందకీ పాలసీ తీసుకున్నారా అండీ?"

"లారీకి ఇన్సూరెన్స్ ఉందిగా! ఇందాకే కాగితాలన్నీ చూశాను."

ఆయన నిజంగానే చూశాడు. డ్రైవరు ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇస్తే తేదీ కూడా సరిచూసుకున్నాడు. కానీ ఆ పాలసీ లారీది. లారీ దెబ్బతింటే లారీకి, లారీ వల్ల బయటివాళ్లకి నష్టం జరిగితే వాళ్లకి. అది మోస్తున్న మిర్చికి అందులో పైసా లేదు. సరుకుకి సరుకు పేరున వేరే పాలసీ ఉండాలి. ఏ లారీ ఆఫీసులో గంటసేపు కూర్చున్నా ఆయన అన్న మాటే వినిపిస్తుంది. రూపాయి రూపాయి కూడేసి సరుకు కొన్నవాళ్ల నోటి నుంచి విన్నప్పుడల్లా గుండె చివుక్కుమంటుంది.

గుమాస్తా ఇంకేదో చెప్పబోతాడు. ఇంతలో పట్టా కట్టే హడావుడి. పై నుంచి తాడు విసురుతున్నారు, కిందివాళ్లు కొక్కేలకి బిగిస్తున్నారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఎల్.ఆర్., అంటే లారీ రసీదు, రాస్తున్నారు. ట్యూబులైటు కింద కార్బన్ పెట్టిన పుస్తకం. సరుకు, టిక్కీల సంఖ్య, పంపేవారు, పుచ్చుకునేవారు, కిరాయి. కింద చీమల బారులాంటి అక్షరాల్లో షరతులు, వాటిలో "ఓనర్స్ రిస్క్", అంటే నష్టం సరుకు సొంతదారుదే, అనే ముక్క. దాన్ని చూసి ట్రాన్స్‌పోర్టువాళ్లకి ఏ బాధ్యతా లేదనుకోవడం పొరపాటు. ఉంది, కాకపోతే హద్దుల్లో ఉంది. 1865 నాటి క్యారియర్ల చట్టాన్ని తీసేసి తెచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు ఆ హద్దు గీశాయి. సరుకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్టు సంస్థ ఇవ్వాల్సింది కిరాయికి పది రెట్ల వరకే. అంతకు మించి కావాలంటే బుకింగ్ నాడే ఎక్కువ విలువ రాయించి, ఆ మేరకు ఎక్కువ రేటు కట్టి ఉండాలి.

లెక్క కోసం క్వింటాలు 15,000 అనుకుందాం. వంద టిక్కీలు 40 క్వింటాళ్లు, అంటే 6 లక్షల సరుకు. కిరాయి కిలోకి 4 రూపాయలైతే 16,000. దానికి పది రెట్లు లక్షా అరవై వేలు. మిగతా 4 లక్షల 40 వేలూ పిడుగురాళ్లాయన నెత్తిన ఉన్నట్టే. లారీ ఇంకా గేటు దాటలేదు.

షావుకారు లెక్క వేరు. ఆయనకి ఏడాది పొడుగునా లోడ్లుంటాయి కాబట్టి ఓపెన్ పాలసీ ఉంది. గుమాస్తా ఇందాక ఫోనులో నొక్కింది ఆ వివరాలే: లారీ నంబరు, 300 టిక్కీలు, బిల్లు విలువ 18 లక్షలు, దాని మీద పది శాతం కలిపి 19 లక్షల 80 వేలు. ప్రీమియం మిగిలించుకుందామని విలువ తగ్గించి రాస్తే, తగ్గించిన మేరకు నష్టం మన వాటాకే వస్తుంది. ప్రీమియం చూస్తే నూటికి పైసల లెక్కలో తేలేది. ఎప్పుడో ఒక లోడు పంపేవాళ్లకి ఆ ఒక్క ప్రయాణానికే పాలసీ దొరుకుతుంది. ఇది ఇంకా చాలామందికి తెలియదు.

ఈ పాలసీ నడిచేది 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం అడుగుజాడల్లో. ఓడ సరుకుల కోసం పుట్టిన పద్ధతి రోడ్డెక్కింది. అందులో ఏ, బీ, సీ అని మూడు క్లాజులున్నాయి. సీ అంటే నిప్పు, పిడుగు, అంతే. బీ అయితే వాటితోపాటు బండి గుద్దుకోవడం, బోల్తా పడటం, వంతెన కూలడం. వాన తడి, దొంగతనం దానిలో లేవు. ఏ అయితే, మినహాయింపులుగా రాసినవి తప్ప అన్నీ. షావుకారు తీసుకున్నది ఏ. మూడున్నర తరాల మిర్చి వ్యాపారం నేర్పిన తెలివి అది.

రాత్రి ఎనిమిదిన్నరకి లారీ కదిలింది. కోల్‌కతా సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకి రోజుకి 200 కిలోమీటర్ల చొప్పున గడువు ఇస్తారు కాబట్టి తొందరేమీ లేదు. విజయవాడ దాటింది, ఏలూరు దాటింది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద నుంచి వెళ్తుండగా వాన మొదలైంది. రావులపాలెం దాటి గౌతమి మీదికి వచ్చేసరికి వైపర్లు తుడిచినా అద్దం కనపడటం లేదు. జగ్గంపేటలో టీ. కత్తిపూడి, అన్నవరం. తుని ఇంకా కాస్త దూరం ఉందనగా, ముందు ఒక బండి వెనక లైట్లు లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంది.

డ్రైవరు ఎడమకి లాగాడు. గుద్దుకోలేదు. కానీ ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి వెళ్లాయి. నానిన మట్టి. లారీ ఆగింది, ఆగాక నెమ్మదిగా ఒరిగింది. ఎత్తైన లోడు తన బరువుతో తానే లాగింది. తాళ్లు ఒక్కొక్కటే తెగాయి. పంట కాలవ గట్టు మీద లారీ పక్కకి పడుకుంది.

క్లీనరు మోచెయ్యి విరిగింది. 108 వచ్చి తుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డ్రైవరుకి గీతలే. వణుకుతున్న చేత్తో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోను చేశాడు, వాళ్లు గుమాస్తాకి. తెల్లవారుజాము మూడున్నర.

గుమాస్తా లేచి కూర్చున్నాడు. మొదట బీమా కంపెనీ నంబరుకి ఫోను చేసి ప్రమాదం సంగతి నమోదు చేయించాడు. తర్వాత డ్రైవరుకి. "సర్వేయరు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు సార్ ఇక్కడెవరో," అన్నాడు డ్రైవరు.

"ఎవరి మాటా వినకు. నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తియ్యి, నంబరు ప్లేటు పడేలా. తర్వాత మనుషుల్ని పిలిచి కాలవలోవి గట్టు మీదికి లాగించు. కూలి నేనిస్తాను. పట్టా మిగిలితే వాటి మీద కప్పు. స్టేషన్‌లో చెప్పావా?"

ఈ నాలుగు మాటలకి ఎంత విలువుందో చెప్పలేను. బీమా ఉందని చేతులు కట్టుకు కూర్చోకూడదు. బీమా లేకపోతే సరుకుని ఎలా కాపాడుకుంటారో అలాగే కాపాడుకోవాలని చట్టమే చెబుతుంది, అందుకు సబబుగా అయిన ఖర్చూ కంపెనీ ఇస్తుంది. సర్వేయరు కోసం కాచుకుని, కళ్లముందే గంటల తరబడి సరుకుని నానబెట్టుకున్నవాళ్లు ఎందరో.

ఉదయం ఎనిమిది. వాన తగ్గింది. గట్టు పొడుగునా ఎర్రగా టిక్కీలు. కాలవ నీళ్ల మీద తేజ కాయలు తేలుతున్నాయి, చుట్టుపక్కలవాళ్లు చాటల్తో ఎత్తుకుంటున్నారు. షావుకారు, పిడుగురాళ్లాయన, గుమాస్తా ముగ్గురూ ఒకే కారులో దిగారు. దారిపొడుగునా మాటల్లేవు.

కాకినాడ నుంచి సర్వేయరు వచ్చింది. రబ్బరు బూట్లు, చేతిలో చిన్న చాకు, తేమ కొలిచే మీటరు. ఈమె కంపెనీ ఉద్యోగి కాదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో నష్టం లెక్కగట్టే స్వతంత్ర సర్వేయరు. ముందు లారీ చుట్టూ తిరిగింది. మట్టిలో చక్రాల జాడ, తెగిన తాళ్లు, చిరిగిన పట్టా, అన్నిటికీ ఫొటోలు తీసింది. చిరుగు అంచు పట్టుకుని పరీక్షగా చూసింది. అది పాత చిరుగైతే కథ వేరు: పట్టా సరిగా లేదన్న ప్రశ్న లేస్తుంది. ఇది కొత్తది, నేసిన దారాలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"కోల్డ్ నుంచి ఎన్నింటికి తీశారు?"

"మధ్యాహ్నం పన్నెండుకి మేడమ్. చెమట ఆరాకే ఎక్కించాం, అరుగు మీద ఫొటోలున్నాయి," అన్నాడు గుమాస్తా.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. సరుకు తన గుణం కొద్దీ తాను పాడైతే, మామూలుగా తూకం తరిగితే, ప్యాకింగ్ చాలకపోతే, ఆలస్యం వల్ల చెడితే, "ఏ" క్లాజు తీసుకున్నా ఇవ్వరు. లోపలి తడి చెమటదా, వానదా అన్నది తేలాలి.

ఆమె ఒక టిక్కీ మూల కోసి చెయ్యి లోపలికి పెట్టి కాయ తీసింది. వంచగానే పుటుక్కున విరిగింది, గింజలు గలగలలాడాయి. మీటరు 11 చూపింది. పక్కదానిలోంచి తీసిన కాయ తోలులా వంగింది, విరగలేదు. 19. నడిమధ్య నుంచి తీసిన కాయ పొడిగానే ఉంది, తడి అంచుల నుంచే లోపలికి పాకుతోంది. "బయటి నీళ్లే," అని రాసుకుంది. తడిసిన కాయ రెండు మూడు రోజులు గోనెలో ఉంటే బూజు పడుతుంది, ఆ తర్వాత తిండికి పనికిరాదు. అందుకని మధ్యాహ్నానికల్లా దగ్గర్లో ఒక కళ్లం మాట్లాడి ఆరబొయ్యమంది.

మార్కాలు చూసి లెక్కపెట్టారు. నీలం మార్కా 300లో 210 పొడివి, 60 తడిసినవి, 30 పగిలి కాలవ పాలైనవి. నల్ల మార్కావి వెనక, పైవరసల్లో ఉన్నాయి. వాటిలో పొడిగా మిగిలినవి 35.

షావుకారు లెక్క గట్టు మీదే తేలిపోయింది. దెబ్బతిన్న 90 టిక్కీలు 36 క్వింటాళ్లు, పది శాతం కలిపి 5 లక్షల 94 వేలు. తడిసిన 60 ఆరబోసి రంగు పోయిన కాయగా క్వింటాలు 6,000కి అమ్ముడైతే 1 లక్షా 44 వేలు. అది పోగా నాలుగున్నర లక్షలు, అందులో మనమే భరించాలని పాలసీలో రాసుకున్న మొత్తాన్ని, ఎక్సెస్‌ని, తీసేస్తారు. ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి.

పిడుగురాళ్లాయన ఆమె దగ్గరకి వచ్చాడు. "మేడమ్, నా వందకీ రాయండి."

"మీ పాలసీ నంబరండీ?"

లారీ పాలసీ జిరాక్సు చూపించాడు. ఆమె దాన్ని పూర్తిగా చదివింది. "ఇది బండిదండీ," అంది మెల్లగా. ఆయన ఆ కాగితాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు. పోయింది 65 టిక్కీలు, 26 క్వింటాళ్లు, 3 లక్షల 90 వేలు. అందులో కొంత రైతులకి ఇంకా ఇవ్వాల్సిన డబ్బు.

గుమాస్తా ఆయన్ని కారు నీడకి తీసుకెళ్లాడు. "అంతా పోలేదండీ. ట్రాన్స్‌పోర్టువాళ్ల మీద లక్షా అరవై వేల దాకా మీకు హక్కుంది. డ్రైవరు తప్పని మీరు రుజువు చెయ్యనక్కర్లేదు. కానీ నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు. నోటి మాటతో గడువు దాటిందంటే కోర్టు గడప కూడా ఎక్కలేరు. మేమూ ఇస్తున్నాం."

షావుకారుకి బీమా ఉండగా నోటీసెందుకు? బీమా కంపెనీ ఆయనకి డబ్బిచ్చాక ఆయన హక్కులు కంపెనీకి సంక్రమిస్తాయి, కంపెనీ వెళ్లి ట్రాన్స్‌పోర్టు సంస్థని అడుగుతుంది. ఇందులోని చిక్కుముళ్లని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో విప్పింది. నోటీసు ఇవ్వక ఆ హక్కుని చేజార్చుకుంటే, కంపెనీ క్లెయిములో కోత పెట్టడానికి మనమే చోటిచ్చినవాళ్లమవుతాం.

కారు బానెట్ మీద తెల్లకాగితం పెట్టి ఇద్దరూ రాస్తున్నారు. ఎల్.ఆర్. నంబరు, తేదీ, టిక్కీలు, మార్కా, ప్రమాదం జరిగిన చోటు, నష్టం. రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జిమెంటుతో.

రెండింటికి కొత్త లారీ వచ్చింది. పొడి టిక్కీలు 245 ఎక్కుతున్నాయి. ఈ-వే బిల్లులో వాహనం నంబరు మార్చాలని గుమాస్తా గుర్తుచేశాడు. పిడుగురాళ్లాయన తన ముప్పై అయిదూ ఎక్కడం చూస్తూ అడిగాడు: "వీటికి ఇప్పుడు ఇస్తారా పాలసీ? ఇక్కణ్ణుంచి కోల్‌కతాకి?"

గుమాస్తా తన ఏజెంటుకి ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు. అటు నుంచి ప్రశ్నలు, ఇటు నుంచి జవాబులు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని, విలువ ఎంత. కంపెనీని అడిగి పది నిమిషాల్లో చెబుతానన్నాడు ఏజెంటు. ఆయన ఫోను పెట్టెయ్యలేదు.

"ఒక్కమాటండీ. ఇవి రాత్రి పడిపోయిన లోడులోవి. ఆ సంగతి కూడా రాయండి. సర్వేయరమ్మ పొడిగా ఉన్నాయని చూసి చెప్పింది, ఆ కాగితం పంపిస్తాను."

"అది చెప్పడమే మంచిదైందండీ," అంది అటు గొంతు. "లారీ నంబరు చెప్పండి."

ఆయన లారీ ముందుకి వెళ్లి, బురద తుడిచి, నంబరు చదవడం మొదలుపెట్టాడు.