వాసెన విప్పిన జాడీ

మా వైపు కొరివికారం, అంటే పండుమిరప పచ్చడి, జాడీకి వాసెన విప్పే పని అందరి చేతా చేయించరు. తడి లేని చేత్తో, పొడి గరిటెతో ఇంటి పెద్దావిడే విప్పాలి. ముందు వాసన చూస్తుంది, తర్వాత అంచున బూజు పొడసూపిందేమోనని కళ్లు చికిలిస్తుంది. ఆఖర్న వేలికొసకు అంటినంత నాలుక్కి రాసుకుని, "ఇంకో నెలాగండి" అని తీర్పు చెబుతుంది. ఆ మాటకు అప్పీలు లేదు.

ఇంత ఇంటి సొత్తులా కనిపించే ఈ పచ్చడిలో సరుకంతా దాదాపు పైనుంచి దిగిందే. మిరప అమెరికా ఖండాలది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాతే పోర్చుగీసు ఓడల దారిన మన తీరాలకొచ్చింది. అంతకుముందు మనకు కారమంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం. కొత్త కాయకు పేరు కూడా మిరియం దగ్గరే అరువు తెచ్చుకున్నాం. చింత పుట్టిల్లు ఆఫ్రికా. కాకపోతే మన దగ్గరికి ఎంత ముందే వచ్చేసిందో, అరబ్బులు దాన్ని హిందూదేశపు ఖర్జూరమనే పిలిచారు. వెల్లుల్లి మధ్య ఆసియాది. ఉప్పు మాత్రం మనదే, చినగంజాం మడుల్లోది.

సంక్రాంతి వెళ్లాక నల్లరేగడి చేలల్లో పండుకాయ చేతికొస్తుంది. ఎండబెట్టింది గుంటూరు యార్డుకు పోతుంది. పచ్చడికి మాత్రం చెట్టునే ఎర్రగా పండి, ఇంకా వడలని కాయ కావాలి. తొడిమతోనే కడగాలి. ముందే తుంచితే నీళ్లు లోపలికి దిగి, జాడీ మొత్తం చెడుతుంది. గుడ్డ మీద తడి ఆరాక తొడిమలు తీసి, రాళ్లుప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కుతారు. నడుమ గింజ తీసిన చింతపండు పెట్టి జాడీలో అదుముతారు. మూడోనాడు తీసి, చింతపండుతో సహా రుబ్బి మళ్లీ జాడీకెత్తుతారు.

ద్రాక్షతో చేసే వైన్‌కు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ ఉంది. వైన్ రుచి చూసేవాళ్లూ మా పెద్దావిడా ఒకే పులుపు కోసం నాలుక చాపుతున్నారన్నమాట. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగి, చెడగొట్టే సూక్ష్మజీవులను అణుస్తుంది. ఉప్పూ పులుపూ కలిస్తే ఇత్తడినీ, అల్యూమినియాన్నీ తినేస్తాయి కనుకే పింగాణీ జాడీ.

మాఘంలో పెట్టిన కారం ఉగాది నాటికి దుడుకుగానే ఉంటుంది. ఉప్పు ఒకచోట, పులుపు ఇంకోచోట తగులుతాయి. నా నాలుక్కయితే వానలు పడ్డాకే అది కారమవుతుంది. కావలసినంత తీసి, మెంతిపిండి, వెల్లుల్లి వేసి నూరి తాలింపు పెడితే వేడన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. నెలలు గడిచేకొద్దీ ఎరుపు ముదురుతుంది, ఏడాది దాటితే నల్లబడుతుంది. చూడ్డానికి బాగోదని దాన్ని చుట్టాలకు వడ్డించరు. ఆ అడుగు జాడీ ఇంట్లోవాళ్లకే.