మోటుపల్లి అభయశాసనం: రాజధర్మానికి శిలాసాక్ష్యం

మహాభారత శాంతిపర్వంలో భీష్మపితామహుడు రాజ్యోత్పత్తిని గూర్చి ధర్మరాజునకు ఒక వృత్తాంతాన్ని ఉపదేశిస్తాడు. అరాజకమైన లోకంలో, జలంలో పెద్దచేపలు చిన్నచేపలను మ్రింగినట్లు, బలవంతులు దుర్బలులను కబళించసాగారు. ఆ మత్స్యన్యాయానికి భీతిల్లిన ప్రజలు బ్రహ్మను శరణు వేడగా, ఆయన మనువును రాజుగా నిర్దేశించాడు. పాలనలోని పాపభారానికి జంకి మనువు తొలుత సమ్మతించలేదు. అప్పుడు ప్రజలు పశువులలోను, సువర్ణంలోను యాభయ్యవ వంతును, ధాన్యంలో పదవ వంతును సమర్పిస్తామని మాట ఇచ్చారు. తాము రక్షితులై ఆచరించే ధర్మంలో చతుర్థాంశం కూడ రాజుకే చెందుతుందన్నారు. కనుక పన్ను రాజునకు స్వార్జితం కాదు. రక్షణకు ప్రజలు చెల్లించే వేతనం.

ఈ ఒడంబడిక ఇతిహాసగాథగానే మిగిలిపోలేదు. ఆంధ్రదేశంలో దానికి శిలాసాక్ష్యం ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా సా.శ. 1244-45లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు భగ్నమై ఒడ్డుకు చేరిన ఓడలలోని సువర్ణాన్ని, గజాశ్వాలను, రత్నాలను పూర్వరాజులు బలాత్కారంగా హరించేవారని అందులో స్పష్టంగా చెప్పబడింది. ధనం ప్రాణంకంటె అధికమని తలచి సాగరయాత్రకు సాహసించిన వారియందు దయతో, కీర్తికొరకు, ధర్మంకొరకు, క్లుప్తశుల్కం తప్ప తక్కిన సర్వస్వాన్నీ వారికే విడిచిపెడుతున్నట్లు ఆయన ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పది పాళ్లకు ఒక పాలు సుంకంగా నిర్ణయమైంది.

ఇక్కడ మనం గ్రహించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఓడ మునిగినవాడు పరదేశి, నిస్సహాయుడు. అతని సొత్తును రాజు తీసికొంటే అడ్డుకొనే శక్తి ఎవరికీ లేదు. తీరంలో పొంచియున్న పెద్దచేప రాజే అయినప్పుడు రక్షకుడెవ్వడు? అందుకే గణపతిదేవుడు ముందుగా తన హస్తాన్నే నిగ్రహించుకొన్నాడు. ఆ నిగ్రహాన్ని అందరూ చదువగలిగేటట్లు శిలపై నిలిపాడు. వర్తకునకు విశ్వాసం కలిగినచోటనే రేవు వర్ధిల్లుతుంది, రేవు వర్ధిల్లిన రాజ్యానికే కోశబలం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి సైతం అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిచ్చాడు.

ఈ ధర్మం ఉభయపక్షాలకూ వర్తిస్తుంది. నిర్ణీతమైన పాలును మించి ఆశించే పాలకుడు, నిర్ణీతమైన పాలును ఎగవేసే పౌరుడు, ఇద్దరూ మత్స్యన్యాయానికే ద్వారం తెరుస్తారు. పన్ను చెల్లించే వేళ మనువుకు ప్రజలిచ్చిన మాటను, పన్ను స్వీకరించే వేళ మోటుపల్లి శిలను స్మరించడమే రాష్ట్రధర్మం.