విమాన ప్రయాణం: శరీరం, నగర నిర్మాణం

జెట్ విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6-8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది. అందువల్ల రక్తంలో ఆక్సిజన్ కొద్దిగా తగ్గుతుంది. తేమ 20 శాతం లోపే కావడంతో గొంతు, కళ్లు పొడిబారతాయి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. ఆరోగ్యవంతులకు ఇవి చిన్న ఇబ్బందులే. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు, ఖండాలు దాటినప్పుడు తలకిందులయ్యే నిద్ర మాత్రం తీసిపారేయదగ్గవి కావు. అయితే ఈ లెక్క విమానం తలుపు దగ్గరే మొదలవుతుందనుకోవడం పొరపాటు. విమానాశ్రయాన్ని ఊరికి ఎంత దూరాన కట్టారన్న భారమూ శరీరం మీదే పడుతుంది.

హైదరాబాద్‌నే చూడండి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు నగరం నడుమనున్న బేగంపేట నుంచి దక్షిణాన శంషాబాద్‌కు తరలాయి. మరుసటి ఏడాది విమానాశ్రయానికి వెళ్లే దారిలో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. అయినా తెల్లవారుజామున గల్ఫ్‌కు వెళ్లే మనిషి అర్ధరాత్రే ఇంట్లోంచి బయల్దేరాలి; విమానం ఎక్కకముందే నిద్ర చెడుతుంది. దూరంగా కట్టబట్టే కదా బేగంపేట ఇళ్ల మీద మోత తగ్గింది అని వాదించవచ్చు. నిజమే, రాత్రి విమానాల చప్పుడు నిద్రను పాడుచేస్తుంది, దీర్ఘకాలంలో రక్తపోటుతోనూ దానికి సంబంధముంది. కానీ కొత్త రన్‌వే చుట్టూ మళ్లీ కాలనీలు లేవనిస్తే ఆ మేలు నిలవదు. భవనాల ఎత్తుపై ఉన్న విమానయాన నిబంధనలు విమానాల భద్రత కోసమే తప్ప కింద పడుకునేవారి కోసం కాదు. ఇక దూరం సంగతికొస్తే, 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో తొలి దశ శంషాబాద్ దాకా వెళ్లలేదు. విమానాశ్రయానికి రైలునూ, చుట్టూ నివాసాలకు హద్దునూ మొదటి నక్షాలోనే గీయాలి.