‘వెరీ’ బలం తగ్గిందా?

‘వెరీ’ అరిగిపోయిందని, కుర్రకారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ‘సో’, ‘రియల్లీ’ అంటూ ఇంగ్లీషును పలుచన చేస్తున్నారని ఒక ఫిర్యాదు ఉంది. దానికి ఆధారాల బలం ఎంత?

ముందు పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘వేరుస్’ అంటే నిజమైన అని అర్థం. అదే పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘వెరీ’ అయింది. 14వ శతాబ్దంలో, ఇంగ్లీషు కవి చాసర్ కాలానికి, ప్రధానంగా ‘అసలైన’ అని చెప్పే విశేషణమే. నిజమని నొక్కి చెప్పే మాట క్రమంగా మోతాదు ఎక్కువని చెప్పే మాటగా మారింది. ‘రియల్లీ’ నడిచిందీ ఇదే దారి. అందువల్ల ఒకదాన్ని శుద్ధమని, రెండోదాన్ని చెడిందని అనడానికి చరిత్ర ఒప్పుకోదు. ఇంకో మాట ‘టెరిబ్లీ’లోనూ భయం ఇంకిపోయి తీవ్రత ఒక్కటే మిగిలింది.

ఆడవాళ్ల మీద నింద కూడా పాతదే. 1754లో ఇంగ్లీషు రచయిత లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ ‘వాస్ట్‌లీ’ అనే మాటను స్త్రీలు ప్రతిదానికీ తగిలిస్తున్నారని పత్రికలో వెక్కిరించాడు. ఆ మాట నేడు ఎక్కువగా పోలికలకే పరిమితమైంది. దానివల్ల భాషకు వచ్చిన నష్టమేమీ కనిపించదు.

ఇక కొలిచి చూసిన పని. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో 1997లో రికార్డు చేసిన సంభాషణలను భాషాశాస్త్రవేత్తలు రికా ఇటో, శాలీ టాగ్లియామాంటే విశ్లేషించి 2003లో ప్రచురించారు. పెద్దవాళ్ల నోట ‘వెరీ’, చిన్నవాళ్ల నోట ‘రియల్లీ’ ఎక్కువగా వినిపించాయి. ఇక్కడ తొందరపడకూడదు. ఒకే కాలంలో వేర్వేరు వయసులవారిని పోల్చి మార్పును అంచనా కట్టే పద్ధతి ఇది. ఇరవై ఏళ్లప్పుడు ‘రియల్లీ’ అన్న మనిషి అరవై దాటాక కూడా అదే అంటాడన్న భరోసా ఈ ఒక్క లెక్క ఇవ్వదు.

2005లో టాగ్లియామాంటే, క్రిస్ రాబర్ట్స్ ‘ఫ్రెండ్స్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక సంభాషణలను పరిశీలించారు. అందులో ‘సో’ది పైచేయి, ఆడపాత్రల మాటల్లో మరీ ఎక్కువ. కానీ అవి రచయితలు రాసిన మాటలు. స్త్రీలు ఎలా మాట్లాడతారన్న వాళ్ల ఊహ కూడా అందులో కలిసి ఉండవచ్చు.

అరిగిపోవడమనే మాటే నాకు సరిగా తోచదు. ‘టైర్డ్’ ముందు ‘వెరీ’ హాయిగా ఇముడుతుంది. ‘ఎగ్జాస్టెడ్’ ముందు మాత్రం ‘యాబ్‌సల్యూట్లీ’ నప్పుతుంది, ఎందుకంటే ఆ అలసట అప్పటికే చివరి మెట్టు మీద ఉంది. ఒక్కో మాటకు ఒక్కో చోటు. కొత్త మాట రాగానే పాతది బలహీనపడిందనుకోవడం పొరపాటు.

తెలుగులోనూ ఇలాంటి కదలిక ఉంది. ‘చాలు’తో చుట్టరికమున్న ‘చాలా’ ఇప్పుడు సరిపడడాన్ని దాటి ఎక్కువను చెబుతుంది. మంచిని చెప్పే ‘బాగా’ను ‘బాగా చలిగా ఉంది’ అన్నప్పుడు తీవ్రతకే వాడుతున్నాం. తెలంగాణలో ‘మస్తు’ ఉండనే ఉంది. ఏ తరం ఏది ఎంత వాడుతోందో తేలాలంటే పుస్తకాలు చాలవు. మన విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలు ఊళ్లలో మూడు తరాల మాటలను రికార్డు చేయించి, వయసు, లింగం, ప్రాంతం వారీగా లెక్కగట్టాలి. తీర్పులు ఆ తరవాతే ఇద్దాం.