తండ్రి నమ్మని నిజం

లండన్‌లో నార్ఫోక్ వీధిలోని శామ్యూల్ ఐర్లండ్ ఇంట్లో సాయంత్రాలు షేక్‌స్పియర్‌ని పైకి చదివేవారు. ఆ మహాకవి సంతకం ఒక్కటి దొరికితే చాలు, తన పుస్తకాల్లో సగం ఇచ్చేస్తానని ఇంటి పెద్ద అంటుండేవాడు. అది విన్న కొడుకు విలియం హెన్రీ, మొద్దబ్బాయని బడి నుంచి తిప్పి పంపిన వాడు. తండ్రి కూడా వాడి మీద ఆశ వదులుకుని ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పెట్టాడు.

ఆ ఆఫీసు నిండా పాత దస్తావేజులే. 1794 డిసెంబరులో, పందొమ్మిదేళ్ల వయసులో, వాడు పాత తోలుకాగితం ముక్క ఒకటి కోసి, బైండింగ్ కొట్లో కలిపించుకున్న సిరాతో షేక్‌స్పియర్ సంతకంతో సహా ఒక దస్తావేజు రాసి, నిప్పు సెగకి పట్టాడు. అక్షరాలు గోధుమరంగుకి తిరిగాయి. ఎక్కడిదిరా అంటే, పేరు చెప్పొద్దన్న ఒక పెద్దమనిషి ఇచ్చాడన్నాడు. తండ్రి మురిసిపోయి బీరువా తాళాలు చేతిలో పెట్టి, ఏ పుస్తకం కావాలంటే అది తీసుకోమన్నాడట. ఈ సంగతి రాసిందీ ఆ కొడుకే, కాబట్టి నమ్మాలా వద్దా మీ ఇష్టం. నేనైతే నమ్ముతాను.

ఇక ఆగలేదు. ప్రియురాలికి షేక్‌స్పియర్ ప్రేమలేఖ, దాంతో ఒక జుట్టుపాయ, ఎలిజబెత్ రాణి ఉత్తరం, 'లియర్ రాజు' నాటకం రాతప్రతి, అన్నీ వరసగా ఇంటికొచ్చాయి. వాటిలో నన్ను పట్టేసింది ఒక దానపత్రం. థేమ్స్ నదిలో మునిగిపోతున్న తనను కాపాడినందుకు, కృతజ్ఞతగా షేక్‌స్పియర్ రాసిచ్చినట్టు. కాపాడినవాడి పేరు కూడా విలియం హెన్రీ ఐర్లండే! ఇంట్లో ఎవరూ లెక్కచేయని కుర్రాడు తనకో పూర్వీకుణ్ణి పుట్టించుకుని, మహాకవి చేత దణ్ణం పెట్టించుకున్నాడు.

1795లో పేరుమోసిన రచయిత బాస్వెల్ అంతటివాడు మోకాళ్ల మీద కూచుని ఆ కాగితాల్ని ముద్దాడాడు. కుర్రాడు సొంతంగా రాసి, షేక్‌స్పియర్‌దని చెప్పిన నాటకం 'వోర్టిజర్న్' డ్రూరీ లేన్ నాటకశాలకెక్కింది. అంతకు సరిగ్గా రెండు రోజుల ముందు ఎడ్మండ్ మలోన్ అనే పండితుడు నాలుగొందల పేజీల పైబడిన పుస్తకంతో తీగ లాగాడు. 1796 ఏప్రిల్ 2న ప్రేక్షకుల నవ్వుల్లో డొంకంతా కదిలింది. రెండో ఆట పడలేదు.

అప్పుడు కుర్రాడు నిజం చెప్పాడు. ముందు అక్కచెల్లెళ్లకి, వాళ్ల ద్వారా తండ్రికి. తండ్రి నమ్మలేదు. వీడు షేక్‌స్పియర్‌లా రాయడమా? వీడికంత బుర్ర ఎక్కడేడిసింది? ఏడాదిన్నర పాటు ఏ అబద్ధం చెప్పినా తలూపిన మనిషి, ఈ ఒక్క మాటకి ససేమిరా అన్నాడు. అబద్ధాలకోరు పిల్లలున్న ఇళ్లలో నిజం కూడా ఇలాగే గుమ్మం బయట నిలబడుతుందేమో గానీ, ఇక్కడ దాన్ని ఆపింది అనుమానం కాదు, చులకన. కొడుకు ఇల్లు విడిచి వెళ్లి, తన మోసాన్ని తానే అచ్చులో ఒప్పుకున్నాడు. ఊరు దాన్నీ వేరేలా చదివింది: అసలు దొంగ తండ్రి, పాపం కొడుకు నెత్తిన వేసుకుంటున్నాడని.

పరువు పోయినా శామ్యూల్ దిగిరాలేదు. 1799లో ఆ నాటకాన్ని అచ్చు వేయించాడు. మరుసటేడు కన్నుమూశాడు.

కొడుకు 1835 దాకా బతికాడు. నవలలూ పద్యాలూ ఎన్ని రాసినా పూట గడవడం కష్టమైంది. జనం అతని దగ్గరికి వచ్చింది ఆ దొంగ కాగితాలు కొనడానికే. అతను వాటికి మళ్లీ నకళ్లు రాసి, నాడు నాన్నకి చూపించినవి ఇవేనని ఒక్కొక్కరికీ అమ్మేవాడు.