ఉమ్మడి గ్రంథం - సొంత ప్రతి

అచ్చుయంత్రం రాకపూర్వం మన కావ్యాలు తాటాకు ప్రతులుగా ఊరూరా చెదిరి ఉండేవి. ఒక ఊళ్ళో పండితుడొకరు లేఖక దోషాన్ని దిద్దినా, ఆ దిద్దుబాటు పక్క ఊరి ప్రతికి చేరేది కాదు. సి.పి.బ్రౌన్ వేమన పద్యాలకై అనేక ప్రతులు సేకరించి పోల్చి చూడవలసి వచ్చింది ఇందువల్లనే. కంప్యూటర్ ప్రోగ్రాముల చరిత్రలోనూ ఇటువంటి చిక్కే ఒకటి ఉన్నది.

ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ తానే చేసుకోదు. అక్షరాలు చూపడం, బొమ్మలు విప్పడం వంటి పనులకు ముందే సిద్ధం చేసిన లైబ్రరీలపై ఆధారపడుతుంది. తొలినాళ్ళలో ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసిన లైబ్రరీ భాగాన్ని తనలోనే ఇముడ్చుకొనేది. డిస్కూ, మెమరీ ఖరీదైన ఆ కాలంలో ఇది దుబారా. నడిచే సమయంలోనే లైబ్రరీని జతపరచుకొనే పద్ధతి 1960లలో మల్టిక్స్‌లో రూపుదిద్దుకొన్నది. 1988లో వెలువడిన సన్‌ఓఎస్ 4.0 యూనిక్స్ లోకానికి ఉమ్మడి లైబ్రరీలను అలవాటు చేసింది. ఒకే ప్రతిని అందరూ వాడుకొంటారు. దాన్ని ఒకచోట దిద్దితే అందరికీ దిద్దినట్లే.

అయితే ఉమ్మడి ఆస్తికి ఉమ్మడి తగాదాలు తప్పవు. 1990లలో విండోస్‌పై ఒక ప్రోగ్రామును స్థాపించినప్పుడు, అది తన వెంట తెచ్చిన పాత లైబ్రరీని సిస్టమ్ ఫోల్డరులోని కొత్తదానిపై రాసివేసేది. వెంటనే మరేదో ప్రోగ్రాము మూలపడేది. ఈ అవస్థకే 'డీఎల్ఎల్ నరకం' అని పేరు. 2000లో వచ్చిన విండోస్ 2000, సిస్టమ్ ఫైళ్ళను ఎవరైనా మార్చినా పాతవాటినే తిరిగి నిలిపే రక్షణ కల్పించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండే వీలు తెచ్చింది.

ఈ కథలో తెలుగుకూ పాత్ర ఉన్నది. యూనికోడ్‌లో 'క్ర' అన్నది క, పొల్లు, ర అనే మూడు సంకేతాల వరుస. వాటిని కూర్చి రావత్తుతో చూపే పని విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే లైబ్రరీది. విండోస్ 2000తో వచ్చిన యూనిస్క్రైబ్‌కు దేవనాగరి, తమిళం తెలుసు గాని తెలుగు తెలియదు; ఎక్స్‌పీతో గాని ఆ లోటు తీరలేదు. పాత విండోస్ వాడేవారు కొత్త యూనిస్క్రైబ్ ఫైలును సంపాదించి, బ్రౌజర్ ఉన్న ఫోల్డరులోనే పెట్టుకొనేవారు. ప్రోగ్రాము లైబ్రరీకై మొదట తన ఫోల్డరులోనే వెదకుతుంది గనుక, సిస్టమ్ ఫైలును తాకకుండానే తెరపై ఒత్తులు కుదురుకొనేవి. సొంత ప్రతి మనకు చేసిన మేలు అది.

మేలుతోపాటు కీడూ ఉన్నది. 2002 మార్చిలో జడ్‌లిబ్ అనే కుదింపు లైబ్రరీలో భద్రతా లోపం బయటపడింది. ఉమ్మడి ప్రతిని మార్చడం సులువే. కాని ఎన్నో ప్రోగ్రాములు, చివరకు లైనక్స్ కెర్నెల్ సైతం, దాని ప్రతిని తమలో దాచుకొని ఉన్నాయి. 2004 సెప్టెంబరులో జేపీఈజీ బొమ్మలను విప్పే జీడీఐ ప్లస్ విషయంలోనూ ఇదే జరిగింది. విండోస్‌ను సరిచేసినా, ఇతర ప్రోగ్రాములు వెంట తెచ్చుకొన్న ప్రతులు అలాగే మిగిలిపోయాయి.

అయినా కాలప్రవాహం సొంత ప్రతివైపే సాగింది. డిస్కు చవకైంది. 2013లో వచ్చిన డాకర్, ఆ తరువాతి స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ వంటివి లైబ్రరీలను మూటగట్టి ప్రోగ్రాముతోనే పంపుతాయి. 2021 డిసెంబరులో లాగ్4జె లోపం వెల్లడైనప్పుడు సంస్థలను వేధించిన మొదటి ప్రశ్న దాన్ని ఎలా దిద్దాలన్నది కాదు, అది మన దగ్గర ఎక్కడెక్కడ ఉన్నదన్నది.

ఉమ్మడి ప్రతి చెడితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది. సొంత ప్రతి చెడితే తెలియకుండానే ఏళ్ళు గడుస్తాయి. కనుక లైబ్రరీని వెంట కట్టి పంపేవారు దాని దిద్దుబాట్ల భారాన్నీ తలకెత్తుకొన్నట్లే. మూటలో ఏమేమున్నవో రాసిన పట్టిక ఒకటి పైన ఉండడం, ఆ పట్టికను ఎవరైనా అప్పుడప్పుడు చదవడం, ఈ అరవై ఏళ్ళ చరిత్ర కోరే కనీస జాగ్రత్త.