తువాలు కింద బేరం: బ్రౌజరు చరిత్ర, మన గుట్టు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను ఆదోని కోట గురించి రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. కోట గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఐదేళ్ళు టపాలతో, రిజిస్టర్లతో, సీలు కవర్లతో గడిపినవాణ్ణి. నాకు కొంచెం తెలిసినది ఒక్కటే: గుట్టు. ఒకప్పుడు కవరులో ఉన్న ఆ గుట్టు ఇప్పుడు మన ఫోనులోని బ్రౌజరు చేతికి వచ్చింది. వెబ్‌సైట్లను తెరిచి చూపించే సాధనమే బ్రౌజరు. పేపరు చదవాలన్నా, పెన్షను స్లిప్పు చూడాలన్నా, రైలు టిక్కెట్టు కొనాలన్నా దాని ద్వారానే పోవాలి. అది ఎట్లా పుట్టింది, మనం ఏది ఎంచుకోవాలి అనే సంగతి నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఎమ్మిగనూరు జాతర

నేను 1950లో పుట్టాను. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఇల్లు మారకుండా జిల్లా మారినవాళ్ళం మేము.

చిన్నప్పుడు మా నాయన నన్ను ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు తీసుకుపోయేవాడు. అక్కడి పశువుల సంతలో బేరం నోటితో జరగదు. దళారి రైతు చేతిని తన చేతిలోకి తీసుకుని పైన తువాలు కప్పుతాడు. తువాలు కింద వేళ్ళు పట్టి ధర చెప్తాడు. ఒక్కో వేలికి ఒక్కో లెక్క. చుట్టూ యాభైమంది నిలబడి చూస్తున్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది.

"ఎందుకు నాయనా దాచిపెట్టేది? మనమేమన్నా దొంగతనం చేస్తున్నామా?" అని అడిగాను.

"దొంగతనం ఏమీ లేదురా. మన బేరం మనది. మన అవసరం ఎదుటోనికి తెల్సిందంటే ధర వాడే కడతాడు" అన్నాడు. కొంచెం ఆగి, "దళారికి మాత్రం రెండు పక్కలా తెలుస్తుంది. వానికి కమీషను ఎవరిస్తారో చూసుకోవల్ల" అన్నాడు.

ఈ రెండు మాటలూ ఈ వ్యాసానికి పునాది. బ్రౌజరు కూడా దళారే.

టపా సెక్షను

1973లో ఆదోని తాలూకా కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. మొదటి పని టపా. వచ్చిన కవర్లు విప్పి, తేదీ ముద్ర వేసి, రిజిస్టరులో ఎక్కించి, సెక్షన్లకు పంచాలి. "కాన్ఫిడెన్షియల్" అని రాసి లక్క ముద్ర వేసిన కవరును మాత్రం విప్పకుండా తాశీల్దారుగారి బల్ల మీద పెట్టాలి. ఆ లక్కకు కొంచెం వేడి చూపిస్తే ఊడి వస్తుందని మాకందరికీ తెలుసు. అయినా ఎవరమూ ముట్టుకునేవాళ్ళం కాదు. పై గుమాస్తా నేర్పిన మొదటి క్రమశిక్షణ అదే.

ప్రజలకూ ఆ తేడా బాగా తెలుసు. పోస్టుకార్డు మన దేశానికి 1879లో వచ్చింది, ఇన్‌లాండు లెటరు 1950 అక్టోబరు 2న వచ్చింది. పెళ్ళి కబురు కార్డు మీద, అప్పు కబురు ఇన్‌లాండులో రాసేవారు. ఏది ఎవరు చదివినా పరవాలేదో, ఏది మడిచి అంటించాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

మన పడమటి పల్లెల నుంచి సుగ్గికి పోయిన కుటుంబాలవారు ఊరిలోని ముసలివాళ్ళకు ఎవరిచేతనైనా జాబులు రాయించేవారు. చదువు రానివాళ్ళు వాటిని సాయంత్రం నా దగ్గరకు తెచ్చేవారు. ఎంత సంపాదించారు, ఎవరికి జ్వరం, మేస్త్రీకి ఎంత బాకీ, అన్నీ నా నోటితో నేనే చదివి వినిపించాలి. ఒక అవ్వ జాబు వినడం అయ్యాక దాన్ని మడిచి కొంగున కట్టుకుని ప్రతిసారీ ఒకే మాట అనేది: "చదివినావు కదా నాయనా, ఇంక మర్చిపో."

జాబు చదివేవాడు లేకుంటే ఆమెకు గడవదు. చదివిన తర్వాత వాడు గుర్తుపెట్టుకోకూడదు. మంచి బ్రౌజరుకు ఉండవలసిన లక్షణం ఇంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేదు.

న్యాయస్థానంలో ఒక పెన్షనరు

గుట్టు హక్కా, కాదా అనే ప్రశ్న సుప్రీంకోర్టుకు ఏనాడో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతని ఇంటి తలుపు పోలీసులు రాత్రిపూట తట్టేవారు. 1962లో ఆ కేసు తీర్పులో రాత్రి తనిఖీలు చెల్లవన్నారు గాని, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. వారితో విభేదించిన న్యాయమూర్తి మన తెలుగువారు కోకా సుబ్బారావుగారు. రాజమండ్రికి చెందిన ఆయన 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. మనిషి స్వేచ్ఛలో అతని ఏకాంతం కూడా భాగమేనని ఆయన రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు.

ఆ మాట నెగ్గడానికి 55 ఏళ్ళు పట్టింది. బెంగళూరులో ఉండే రిటైర్డు హైకోర్టు న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు 86. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. ఆయన 2024లో కన్నుమూశారు. "ఈ వయసులో మనకెందుకులే" అనే మాట మన సమావేశాల్లో వినిపించినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకు వస్తారు. తర్వాత పార్లమెంటు 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. చట్టం ఉన్నా, తలుపుకు గడియ పెట్టుకోవలసింది మనమే.

బ్రౌజరు పుట్టుక, చీటీ పుట్టుక

టిమ్ బెర్నర్స్ లీ అనే శాస్త్రజ్ఞుడు 1990లో జెనీవా దగ్గర సెర్న్ సంస్థలో మొదటి బ్రౌజరు తయారుచేశాడు. 1993లో అమెరికాలో బొమ్మలు కూడా చూపించే మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్ట్‌వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. మన దేశంలో 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది.

మొదట్లో వెబ్‌సైటుకు జ్ఞాపకశక్తి లేదు. మీరు పేజీ తిప్పిన ప్రతిసారీ కొత్త మనిషి వచ్చాడనుకునేది. దుకాణంలో రెండు వస్తువులు ఎంచుకుంటే మొదటిది మర్చిపోయేది. ఈ ఇబ్బంది తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లీ ఒక ఉపాయం చేశాడు. మీ బ్రౌజరు జేబులో వెబ్‌సైటు ఒక చీటీ పెడుతుంది, మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని చూసి గుర్తుపడుతుంది. దానిపేరే కుకీ. ఇందులో తప్పేమీ లేదు.

చిక్కు తర్వాత వచ్చింది. పేపరు పేజీలో, ఆసుపత్రి పేజీలో, చెప్పుల దుకాణం పేజీలో ప్రకటనలు వేసేది ఒకే కంపెనీ అయితే, అన్ని చోట్లా మీ జేబులో చీటీ చూసేదీ అదే. ఎమ్మిగనూరు సంతలో, ఆదోని మార్కెట్టులో, మీ ఇంటి గుమ్మంలో ఒకే దళారి నిలబడి, మీరు ఎక్కడ ఏది తాకి చూశారో రాసుకుంటున్నట్లు.

తెలుగువాళ్ళకు ఆ రోజుల్లో బ్రౌజరు ఎంచుకునే అవకాశం కూడా తక్కువే. తెలుగు పత్రికలు తమ సొంత ఫాంట్లతో వచ్చేవి. వేరే బ్రౌజరులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్ 2004లో వచ్చిన తర్వాత, ఆ గీతలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపే "పద్మ" అనే చేర్పు తయారైంది. స్వచ్ఛందంగా పనిచేసిన తెలుగువారు ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులోకి కూడా తెచ్చారు. 2008లో గూగుల్ క్రోమ్ వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పింది.

మా ఇంట్లో జరిగినది

2018లో మా ఇంటావిడకు రొమ్ములో గడ్డ కనిపించింది. కర్నూలులో చూపించాం. పరీక్ష ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో నెలతో పురిటికి మా ఇంట్లోనే ఉంది. "ఫలితం వచ్చేదాకా దానికి చెప్పొద్దు" అని ఆమె నాచేత ఒట్టు వేయించుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. రాత్రి అందరూ పడుకున్నాక కంప్యూటరు ముందు కూర్చుని ఆ జబ్బు గురించి వెతికాను.

రెండో రోజు పొద్దున అమ్మాయి పేపరు చదవడానికి అదే కంప్యూటరు తెరిచింది. ఏదో టైపు చేయబోతే నేను వెతికిన మాటలు కింద వరుసగా వచ్చాయి. పేపరు పేజీ పక్కన క్యాన్సరు ఆసుపత్రి ప్రకటన ఉంది. అది కుర్చీలో నుంచి లేవలేక అక్కడినుంచే "నాన్నా, అమ్మకేమైంది?" అని కేక వేసింది.

దేవుని దయవల్ల ఆ గడ్డ క్యాన్సరు కాదని తేలింది. మనుమరాలు క్షేమంగా పుట్టింది. అయినా ఆ వారం మా ఇల్లు ఎట్లా ఉందో రాయలేను. కూతురికి ఎప్పుడు, ఎట్లా చెప్పాలనేది తల్లి ఇష్టం. ఆ హక్కు ఆమె చేతిలో లేకుండా పోయింది. ముప్పై ఐదేళ్ళు సీలు కవరు ముట్టుకోని నేను, నా భార్య గుట్టును కాపాడలేకపోయాను.

తర్వాత మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి వివరించాడు. అక్కడ జరిగినవి రెండు. వెతికిన మాటలు కనబడడం ఇంటిలోపలి సంగతి. బ్రౌజరు తన దగ్గర దాచుకున్న చరిత్ర అది. ప్రైవేటు విండోలో వెతికి ఉంటే అది మిగిలేది కాదు. ప్రకటనలవాళ్ళు మనల్ని గుర్తుపట్టడం ఇంటి బయటి సంగతి. దానికి ప్రైవేటు విండో ఒక్కటే చాలదు. క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో మీద ఈ విషయమై అమెరికాలో 2020లో దావా పడి, 2024లో రాజీ కుదిరింది. అట్లా చేరిన సమాచారాన్ని తొలగించడానికి గూగుల్ ఒప్పుకుంది.

కమీషను ఎవరిస్తారు?

మా నాయన ప్రశ్న వేసుకుంటే ఎంపిక తేలికవుతుంది.

క్రోమ్: వేగమైనది, చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. గూగుల్ ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలదే. ఇతరుల చీటీలను రెండేళ్ళలో ఆపేస్తామని 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2024లో ఆ ఆలోచన మానుకున్నారు.

ఫైర్‌ఫాక్స్: లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్‌ది. వెంటపడే చీటీలను 2019 నుంచి మనం అడగకుండానే ఆపుతోంది. అయితే దీని ఆదాయంలోనూ ఎక్కువ భాగం వెతుకులాట ఒప్పందం కింద గూగుల్ నుంచే వస్తుంది. ఈ సంగతి తెలిసి వాడుకోవాలి.

సఫారి: ఆపిల్ పరికరాలు ఉన్నవారికి మాత్రమే. ఇతరుల చీటీలను 2020 నుంచి పూర్తిగా ఆపుతోంది.

బ్రేవ్: ప్రకటనలను, వెంటపడేవాళ్ళను మొదటే ఆపుతుంది. తన సొంత ప్రకటనల పథకం ఒకటి ఉంది, ఇష్టమైతేనే చేరవచ్చు.

మన దేశంవి: బెంగళూరు కంపెనీ 2010లో తెచ్చిన ఎపిక్, 2013లో గోప్యతే ముఖ్యంగా మళ్ళీ తయారైంది. జోహో కంపెనీ 2023లో తెచ్చిన ఉలా, కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజరు పోటీలో 2025లో మొదటి బహుమతి పొందింది.

నేను ఫైర్‌ఫాక్స్ ఎంచుకున్నాను. తెలుగు బాగా కనిపిస్తుంది, పెద్ద అక్షరాలు పెట్టుకోవచ్చు, చీటీలను తనే ఆపుతుంది. జబ్బుల గురించి ప్రైవేటు విండోలోనే వెతుకుతాను. నెట్ సెంటరులో పెన్షను పని చేయించుకుంటే "పాస్‌వర్డు గుర్తుంచుకోనా?" అని బ్రౌజరు అడిగినప్పుడు వద్దంటాను, లాగౌట్ అయ్యేదాకా కుర్చీ వదలను.

ఏ బ్రౌజరైనా తువాలు మాత్రమేనని మరువరాదు. చేతిని కప్పుతుంది. మనమే నోరు తెరిచి ధర చెప్తే అది చేసేదేమీ లేదు. ఫోనులో ఎవరో "మీ జీవన్ ప్రమాణ్ ఆగిపోయింది" అని భయపెడితే ఓ.టి.పి. చెప్పినవారిని ఏ బ్రౌజరూ కాపాడలేదు.

మా ఇంటావిడ ఈ వ్యాసం చదివి, తన సంగతి అచ్చు వేయడానికి ఒప్పుకుంది. "ఇప్పుడు నేనే చెప్తున్నాను కదా, పరవాలేదు" అంది.

మీలో ఎవరికైనా ఫోనులో ఈ మార్పులు చేసుకోవడం రాకపోతే వచ్చే సమావేశానికి ఫోను తీసుకురండి, పక్కన కూర్చుని చేద్దాం. పాస్‌వర్డు మాత్రం నాకు చెప్పకండి. సెలవు.